డీజిల్ ఇంజను తొలిరోజులు: స్పెషలిస్టు ఇంజనీరును ఎక్కడినుంచి పట్టుకొచ్చారు? – తరచుగా అడిగే ప్రశ్నలు

డీజిల్ ఇంజను చరిత్ర అనగానే అందరూ ఒక్క పేరే చెబుతారు: రుడాల్ఫ్ డీజిల్. చదివినవాళ్ళకు అక్కడినుంచే సందేహాలు మొదలవుతాయి. ఒక్కడే చేశాడా? ఆ పని తెలిసినవాళ్ళు కంపెనీలకు ఎక్కడ దొరికారు? ఎంతిచ్చి పెట్టుకున్నారు? మెకానికల్ చదివే పిల్లలు, రిపేరు షెడ్ల వాళ్ళు, అప్పుడప్పుడు హెచ్చార్‌లో పనిచేసేవాళ్ళు కూడా తిప్పి తిప్పి ఇవే అడుగుతుంటే, అన్నీ ఒకచోట పెట్టేస్తే సరిపోతుందని ఈ పేజీ. 1892 నుంచి 1930ల దాకా ఎక్కువగా జర్మనీలో, కొంత స్వీడన్, బ్రిటన్, అమెరికాల్లో జరిగిన సంగతులివి. వరసగా చదవక్కర్లేదు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

## మనిషి కోసం వెతకడానికి ముందు

రుడాల్ఫ్ డీజిల్ ఉండగా వేరే ఇంజనీర్లతో పనేముంది?

డీజిల్ దగ్గర ఉన్నది సిద్ధాంతం, పేటెంటు. 1892 ఫిబ్రవరి 28 తేదీతో ఉన్న 67207 నంబరు జర్మన్ పేటెంటులో గాలిని బాగా నొక్కి, ఆ వేడికే ఇంధనం అంటుకునేలా చేయాలన్న ఆలోచన ఉంది. దాన్ని ఇనుములోకి దించడం ఇంకో పని. ఆయన మొదటి లెక్కల్లో ఒత్తిడి 250 అట్మాస్ఫియర్ల దాకా, అంటే మామూలు గాలి ఒత్తిడికి 250 రెట్ల దాకా వెళ్ళింది. అంత ఒత్తిడిని తట్టుకునే సిలిండర్, పిస్టన్, వాల్వు ఆనాడు ఏ ఫ్యాక్టరీలోనూ లేవు. లెక్కను కిందికి దించుకుంటూ రావాలి, పోత పోయించాలి, లీకులు ఆపాలి, ఇంధనాన్ని సమయానికి లోపలికి పంపాలి. ఇవన్నీ ఒక్క తలకాయతో అయ్యే పనులు కావు.

నన్నడిగితే, డీజిల్ గొప్పతనాన్ని ఇది తగ్గించదు. కానీ మొదటి ఇంజను తయారైన జర్మనీ ఊరు ఆగ్స్‌బర్గ్‌లో ఆయన పక్కన నిలబడ్డ లూసియన్ ఫోగెల్, ఇమాన్యుయెల్ లౌస్టర్ లాంటి ఇంజనీర్ల పేర్లు మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క లైనుకు కూడా నోచుకోకపోవడం అన్యాయం.

డీజిల్ అనే ఇంజనీరు ఆగ్స్‌బర్గ్ కంపెనీలో ఉద్యోగా?

కాదు. 1892 మార్చిలో ఆయనే ఆగ్స్‌బర్గ్ యంత్రాల ఫ్యాక్టరీకి తన ప్రతిపాదన పంపాడు. డైరెక్టరు హైన్రిక్ బుజ్ మొదట కాదన్నాడు. డీజిల్ ఒత్తిడి తగ్గించి మళ్ళీ రాస్తే, ఏప్రిల్లో సరే చూద్దామన్నాడు. 1893 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరింది. ఆ తరవాత ఎస్సెన్‌లోని క్రుప్ కంపెనీ కూడా చేరి ఖర్చు పంచుకుంది. డీజిల్ హోదా పేటెంటుదారు, సలహాదారు. 1895 దాకా ఆయన కాపురం బెర్లిన్‌లోనే. పరీక్షలు జరిగేటప్పుడు ఆగ్స్‌బర్గ్ వచ్చి వెళ్ళేవాడు. ఆయన లేనప్పుడు పని ఆగకుండా చూడటానికి కంపెనీ మనిషి ఒకడు తప్పనిసరిగా కావలసి వచ్చింది. ఫోగెల్ ఆ స్థానంలో పనిచేశాడు.

డీజిల్ ఇంజనే లేనప్పుడు డీజిల్ ఇంజను తెలిసినవాడు ఎక్కడ దొరుకుతాడు?

దొరకడు. అందుకే పక్క పని తెలిసినవాణ్ణి తెచ్చుకున్నారు. ఈ పేజీ మొత్తంలో ఒక్క సంగతే గుర్తుపెట్టుకుంటానంటే, ఇది పెట్టుకోండి.

డీజిల్ స్వయంగా ఐస్ మిషన్ల ఇంజనీరు. మ్యూనిక్‌లో కార్ల్ లిండె దగ్గర చదివి, 1880 నుంచి లిండె శీతలీకరణ కంపెనీకి పారిస్‌లో పనిచేశాడు. అమ్మోనియాతో ప్రయోగాలు చేశాడు. వాయువును నొక్కితే ఎంత వేడెక్కుతుందో, ఎక్కువ ఒత్తిడిలో జాయింట్లు ఎలా లీకవుతాయో ఆయనకు అక్కడే చేతికి వచ్చింది. ఆగ్స్‌బర్గ్ ఫ్యాక్టరీ సంగతి కూడా అంతే. లిండె మిషన్లు తయారుచేసేది వాళ్ళే. ఆవిరి ఇంజన్లు, అచ్చు యంత్రాలు కూడా చేసేవారు. అంటే పెద్ద పోతలు, సన్నటి ఫిట్టింగు రెండూ తెలిసిన చేతులు అక్కడ ముందే ఉన్నాయి.

మిగతావాళ్ళు గ్యాస్ ఇంజన్ల నుంచి, ఆవిరి బాయిలర్ల నుంచి, రోడ్డు రోలర్ల కంపెనీల నుంచి వచ్చారు.

స్పెషలిస్టు అంటే అసలు దేనిలో స్పెషలిస్టు?

ఇంధనం లోపలికి పంపడంలో. మిగతా భాగాలు కష్టమే గానీ ఆవిరి ఇంజన్లు చేసినవాళ్ళు వాటిని ఎలాగోలా లాక్కొచ్చేవారు. ఇంధనం దగ్గరే అందరూ బోల్తా పడ్డారు.

ఎందుకో అంకెల్లో చూడండి. 1897లో పాసైన ఆగ్స్‌బర్గ్ ఇంజను బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 250 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 400. అంటే దాదాపు 20 లీటర్ల సిలిండర్. నిమిషానికి 154 చుట్లు. నాలుగు స్ట్రోకుల ఇంజనులో రెండు చుట్లకు ఒక్కసారే ఇంధనం పడుతుంది కాబట్టి నిమిషానికి 77 సార్లు పడాలి. అది తాగిన ఇంధనాన్ని ఆ 77తో భాగిస్తే ఒక్కోసారికి వచ్చేది సుమారు ఒక గ్రాము. 20 లీటర్ల జాగాలో, అప్పటికే ముప్పై అట్మాస్ఫియర్లకు పైగా నొక్కి ఉన్న గాలిలోకి, ఆ ఒక్క గ్రామును పొగమంచులా విడగొట్టి చల్లాలి. పిస్టన్ పైకొచ్చి వెనక్కి తిరిగే ఆ కాస్త సమయంలోనే చల్లాలి. చుక్కలు లావైతే పొగ. ఆలస్యమైతే బలం పోతుంది. తొందరపడితే సుత్తితో కొట్టినట్టు మోత.

1893, 94 పరీక్షల్లో నేరుగా పంపుతో కొట్టి చూశారు, కుదరలేదు. చివరికి సిలిండర్లో ఉన్నదానికన్నా ఎక్కువ ఒత్తిడి గల గాలితో ఇంధనాన్ని ఊది పంపే పద్ధతికి వచ్చారు. పని జరిగింది గానీ ప్రతి ఇంజనుకూ ఒక కంప్రెసర్ తగిలించాల్సి వచ్చింది. ఆ బరువు వల్లే డీజిల్ చాలా ఏళ్ళు ఫ్యాక్టరీల్లో, ఓడల్లోనే ఉండిపోయింది, లారీ ఎక్కలేదు. కాబట్టి 1900 తరవాత కంపెనీలు వెతికిన మనిషి ఆ కంప్రెసర్‌ను పీకి పారేయగలిగినవాడు.

డబ్బు పెట్టే సేటుకు ఇంజను తెలియకపోతే ఏం చేసేవాడు?

తెలిసినవాణ్ణి ముందు పంపేవాడు. అమెరికాలో సెయింట్ లూయిస్ బీరు వ్యాపారి అడాల్ఫస్ బుష్ అదే చేశాడు. 1897లో ఎడ్వర్డ్ మేయర్ అనే అనుభవజ్ఞుడైన ఇంజనీరును ఆగ్స్‌బర్గ్ పంపి, ఇంజను చూసి రిపోర్టు ఇమ్మన్నాడు. రిపోర్టు అనుకూలంగా వచ్చాక అమెరికా హక్కులు పది లక్షల మార్కులకు కొన్నాడు. తరవాత పెట్టిన కంపెనీలో సాంకేతిక బాధ్యత కూడా ఆ మేయర్‌కే అప్పగించాడు. బాగుందని రాసినవాడి నెత్తినే నడిపే బాధ్యత పెట్టడం గట్టి వ్యాపారి చేసే పని.

## ఎంపిక

పేపర్లో ప్రకటన వేసి ఇంటర్వ్యూలు పెట్టేవారా?

పెద్ద పేర్లు వచ్చిన దారులు చూస్తే ప్రకటనల పాత్ర తక్కువే అనిపిస్తుంది. సొంత ఫ్యాక్టరీలో చేతికింద ఉన్నవాణ్ణి ఈ పనికి మార్చడం ఆగ్స్‌బర్గ్ పద్ధతి. పోటీ కంపెనీలో పని నేర్చినవాణ్ణి తెచ్చుకోవడం మాన్‌హైమ్‌లో బెంజ్ పద్ధతి. కాలేజీ నుంచి అప్పుడే బయటికొచ్చినవాణ్ణి తీసుకోవడం స్టాక్‌హోమ్ పద్ధతి. పాత ఆఫీసులో కలిసి పనిచేసినవాణ్ణి భాగస్వామిగా చేసుకోవడం ఇంగ్లండులోని పీటర్‌బరో పద్ధతి. వీటి కథలు కింద వస్తాయి. అన్నిట్లోనూ తెలిసినవాళ్ళ మాట, పరిచయం పనిచేశాయి. డీజిల్ ప్రతిపాదన ఆగ్స్‌బర్గ్‌లో మళ్ళీ బల్ల మీదికి రావడానికి కూడా ఆయన లిండె మనిషి కావడం తప్పకుండా కలిసొచ్చి ఉంటుంది.

అనుభవం ఉన్నవాడు మేలా, కుర్రాడు మేలా?

రెండు రకాలూ నెగ్గారు. కాకపోతే వేర్వేరు దశల్లో.

ఇమాన్యుయెల్ లౌస్టర్ 1873లో పుట్టాడు. 1896లో ఆగ్స్‌బర్గ్‌లో కొత్త ఇంజను డ్రాయింగులు వేసేటప్పటికి ఆయన వయసు 23 మించదు. అప్పటికి రెండు ఇంజన్ల అనుభవం కంపెనీ దగ్గర ఉంది. ఏది పనిచేయదో తెలుసు. కావలసింది ఆ పాఠాలన్నిటినీ ఒక శుభ్రమైన డిజైనులోకి తెచ్చే చెయ్యి. ఆ కుర్రాడు ఆ పని చేసి, తరవాత ఆ కంపెనీలోనే పై స్థాయి దాకా ఎదిగాడు. ఆ కంపెనీనే ఇప్పుడు మనం ఎం.ఏ.ఎన్. అంటున్నాం.

స్వీడన్‌లో యోనాస్ హెసెల్‌మాన్ కూడా అంతే. 1877లో పుట్టి, 1899లో చదువు ముగించుకుని నేరుగా స్టాక్‌హోమ్ డీజిల్ కంపెనీలో చేరాడు. ఆ కంపెనీ జర్మన్ లైసెన్సుతో 1898లో మొదలైంది. పాత అలవాట్లు లేని కుర్రాడు కాబట్టి జర్మన్ డ్రాయింగుల్ని దేవుడి పటాల్లా చూడలేదు. విప్పి, మార్చి, ఓడలకు పనికొచ్చేలా చేశాడు. ఓడ ఇంజను ముందుకీ తిరగాలి, వెనక్కీ తిరగాలి. ఆ సమస్య మీద ఆయన పనికి పేరొచ్చింది. 1910లో అముండ్‌సెన్ దక్షిణ ధ్రువానికి బయల్దేరిన ఫ్రామ్ ఓడలో ఉన్నది ఆ కంపెనీ 180 హార్స్‌పవర్ డీజిల్ ఇంజనే. ఆ యాత్ర తరవాతే వాళ్ళ ఇంజన్లకు పోలార్ అన్న పేరు స్థిరపడింది.

దారే తెలియని చోటికి మాత్రం పండినవాడు కావాలి. 1908లో ప్రోస్పర్ లోరాంజ్ బెంజ్‌లో చేరేటప్పటికి వయసు 32, వెనక డాయిట్జ్ గ్యాస్ ఇంజన్ల కంపెనీ అనుభవం ఉంది.

పోటీ కంపెనీ నుంచి మనిషిని లాగేయడం అప్పుడూ ఉండేదా?

ఉండేది. అన్నిటికన్నా ఫలించిన ఉదాహరణ ప్రోస్పర్ లోరాంజ్. బీరూట్‌లో 1876లో పుట్టాడు. బెర్లిన్‌లో ఇంజనీరింగ్ చదివాడు. కొలోన్ పక్కనున్న డాయిట్జ్ గ్యాస్ ఇంజన్ల కంపెనీలో పనిచేశాడు. నికోలాస్ ఒట్టో నాలుగు స్ట్రోకుల ఇంజనుకు పుట్టిల్లు అదే, కాబట్టి దహనం మీద ప్రయోగాలు నేర్చుకోవడానికి అంతకు మించిన బడి లేదు. 1908 అక్టోబరులో మాన్‌హైమ్ బెంజ్ కంపెనీ ఆయన్ను తీసుకుంది. కార్ల విభాగానికి కాదు, ఫ్యాక్టరీల్లో ఒకచోట బిగించి నడిపే ఇంజన్ల విభాగానికి.

ఆరు నెలలు తిరక్కుండా, 1909 మార్చి 14 తేదీతో బెంజ్‌కు 230517 నంబరు పేటెంటు వచ్చింది. సిలిండర్ తలలో ఒక చిన్న గది పెట్టి, ఇంధనాన్ని ముందు అందులోకి కొట్టాలి. అక్కడ కొంత మండి, ఆ పేలుడు మిగతా ఇంధనాన్ని సన్నటి దారి గుండా పెద్ద సిలిండర్లోకి చిమ్ముతుంది. ఊదడానికి కంప్రెసర్ అక్కర్లేదు. ప్రీచాంబర్ అని మెకానిక్‌లు పిలిచేది దీన్నే. పాత అంబాసిడర్ డీజిల్, పాత బెంజ్ కార్లు విప్పిన మెకానిక్‌లను అడగండి, ఇంధనాన్ని ముందు పక్క గదిలో మండించే ఈ తరహా ఇంజన్ల గురించి గంటసేపు చెబుతారు.

కంపెనీ మూతపడితే అందులోని స్పెషలిస్టుల్ని ఎవరు పట్టుకున్నారు?

పక్క సీట్లో ఉన్నవాడు. ఇంగ్లండులో ఏవెలింగ్ అండ్ పోర్టర్ అని రోడ్డు రోలర్లకు పేరున్న కంపెనీ. అక్కడ చార్లెస్ చాప్‌మన్ అనే ఇంజనీరు వేగంగా తిరిగే చిన్న డీజిల్ ఇంజను మీద పనిచేస్తుండేవాడు. ఆ కంపెనీ ఉన్న గ్రూపు మొత్తం 1932లో కూలిపోయింది. అదే గ్రూపులో ఉన్న ఫ్రాంక్ పెర్కిన్స్‌కు ఆ ఇంజను మీద నమ్మకం కుదిరింది. ఇద్దరూ కలిసి 1932 జూన్ 7న పీటర్‌బరోలో కంపెనీ పెట్టారు. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంలో ఉన్న ఏడాది అది. పెట్రోలు ఇంజనుకు బదులుగా వ్యానుల్లో, చిన్న లారీల్లో అలాగే కూర్చోబెట్టగల డీజిల్ చేస్తామన్నారు.

వ్యాపారం తెలిసినవాడు ఒకరు, ఇంధనం చిమ్మే నాజిల్ తెలిసినవాడు ఒకరు. చాప్‌మన్‌ను నెలజీతగాడిగా కాకుండా మొదటి రోజు నుంచే కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకడిగా చేసుకోవడం పెర్కిన్స్ చేసిన తెలివైన పని. 1935లో వాళ్ళ వుల్ఫ్ ఇంజను పెట్టిన కారు బ్రూక్‌లాండ్స్ ట్రాకు మీద డీజిల్ వేగ రికార్డులు కొట్టింది.

## జీతం, ఒప్పందం, ఓపిక

జీతాలు ఎలా ఉండేవి?

పేటెంటు చేతిలో ఉన్నవాడికి, డ్రాయింగు బల్ల ముందు కూర్చున్నవాడికి పోలికే లేదు. డీజిల్‌కు క్రుప్ ఏడాదికి 30,000 మార్కులు ఇవ్వడానికి ఒప్పుకుంది. దానికి తోడు అమ్మకాల మీద వాటా. జీతం గల ఇంజనీర్లకు అలాంటిదేం లేదు. వాళ్ళకు దక్కింది పదవి. లౌస్టర్, హెసెల్‌మాన్, లోరాంజ్ ముగ్గురూ డిజైను నుంచి మొదలై కంపెనీల్లో పైదాకా వెళ్ళారు.

కనిపెట్టింది ఉద్యోగి అయితే పేటెంటు ఎవరి పేరు మీద ఉండేది?

జర్మనీలో 1936 చట్టం వచ్చేదాకా పేటెంటు హక్కు ముందుగా దరఖాస్తు పెట్టినవాడిది. కనిపెట్టినవాడు ఎవరన్నది చట్టం పట్టించుకునేది కాదు. అందుకే ఉద్యోగి ఆలోచన కంపెనీ పేరు మీద వెళ్ళిపోయేది. 1909 నాటి ప్రీచాంబర్ ఆలోచన ప్రోస్పర్ లోరాంజ్‌ది, పేటెంటు బెంజ్ కంపెనీది. ఇప్పటి ఉద్యోగ ఒప్పందాల్లో ఈ విషయం మీద పేజీలకు పేజీలు ఉంటాయి. అప్పట్లో సంతకం పెట్టేవాడికి పెద్దగా ఎంచుకునే అవకాశమే లేదు.

మనిషిని పెట్టుకున్నాక ఫలితం కోసం ఎన్నాళ్ళు ఆగాలి?

అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇదే. యజమానులకు నచ్చని జవాబు కూడా ఇదే. ఆగ్స్‌బర్గ్‌లో మొదటి పరీక్ష 1893 ఆగస్టులో, నలుగురికీ చూపించదగ్గ ఇంజను 1897 ఫిబ్రవరిలో. మూడున్నరేళ్ళు. మూడు ఇంజన్లు, మధ్యలో లెక్కలేనన్ని మార్పులు.

బెంజ్ కథ ఇంకా పెద్దది. లోరాంజ్ ఆలోచనకు పేటెంటు 1909లో. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం. 1919లో గరాటు ఆకారంలో మెరుగైన గది, 1921లో ఇంధనం ఎంత పడాలో మార్చగల పంపు. 1922లో బెంజ్-సెండ్లింగ్ ట్రాక్టరు, 1923లో అయిదు టన్నుల లారీ రోడ్డెక్కి పరీక్షలు. చేరినప్పటినుంచి లారీ దాకా 15 ఏళ్ళు.

బాష్ కంపెనీ ఇంజెక్షన్ పంపు మీద పని మొదలుపెట్టాలని 1922 చివర నిర్ణయించి, 1927కల్లా వరస ఉత్పత్తిలోకి వెళ్ళింది. అయిదేళ్ళు. అదీ పెట్రోలు ఇంజన్లకు నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటోలు చేసి సన్నటి మిషనింగులో ఆరితేరిన కంపెనీ, చేతిలో డబ్బున్న కంపెనీ. మూడు నెలల్లో ప్రోటోటైపు కావాలనేవాళ్ళు ఈ తేదీలు ఒకసారి చూసుకోవాలి.

## షెడ్డులోకి దిగాక

చేరినవాడికి మొదటి పని ఏముండేది?

విరిగిపోయేది తయారు చేయడం. 1893 ఆగస్టు 10న ఆగ్స్‌బర్గ్‌లో మొదటి ఇంజను పరీక్షించారు. బోరు 150, స్ట్రోకు 400 మిల్లీమీటర్లు. చుట్టూ నీటి జాకెట్టే లేదు, ఎందుకంటే సిద్ధాంతం ప్రకారం చల్లబరచక్కర్లేదు. ఫ్యాక్టరీ షాఫ్టు నుంచి బెల్టు వేసి తిప్పారు, పెట్రోలు లోపలికి కొట్టారు. ఒక్క పేలుడు. ఒత్తిడి సుమారు 80 అట్మాస్ఫియర్లకు వెళ్ళింది, కొలిచే ఇండికేటరు పగిలి ముక్కలు ఎగిరాయి. పక్కనున్నవాళ్ళు బతికి బయటపడ్డారు.

ఇంకెవరైనా అయితే దీన్ని ఫెయిల్ అనేవారు. కానీ ఆ రోజు తేలింది ఏంటంటే, నొక్కిన గాలి వేడికే ఇంధనం అంటుకుంటుంది, నిప్పురవ్వ అక్కర్లేదు. తరవాతి నెలలన్నీ పగిలింది ఎందుకు పగిలిందో చూసి మార్చుకోవడానికే పోయాయి. నీటి జాకెట్టు వచ్చింది, పిస్టన్ మారింది, వాల్వులు మారాయి.

ఇంజనీరు ముఖ్యమా, ఫిట్టరు ముఖ్యమా?

1894 ఫిబ్రవరి 17న ఏం జరిగిందో వింటే ఈ ప్రశ్న అడగరు. ఆగ్స్‌బర్గ్ ఇంజను ఎప్పటిలాగే ఫ్యాక్టరీ షాఫ్టు నుంచి బెల్టు మీద తిరుగుతోంది. లిండర్ అనే ఫిట్టరు ఇంజను దగ్గర ఉన్నాడు. బెల్టులో బిగువుండాల్సిన పక్క వదులై, వదులుండాల్సిన పక్క బిగుసుకోవడం ఆయన కంటపడింది. అంటే షాఫ్టు ఇంజనును తిప్పడం లేదు, ఇంజనే షాఫ్టును తిప్పుతోంది. లిండర్ ఏమీ అనకుండా టోపీ తీశాడు. డీజిల్‌కు సంగతి తెలిసింది ఆ టోపీని చూసే. నిమిషానికి 88 చుట్ల మీద ఇంజను సుమారు ఒక నిమిషం సొంతంగా నడిచింది.

మీటర్లు చూసేవాళ్ళు మీటర్లు చూస్తున్నారు. బెల్టు చూడటం అలవాటున్నవాడు బెల్టు చూశాడు. ఇంజనీరును పెట్టుకునేటప్పుడు ఇలాంటి ఫిట్టరును పక్కన ఇవ్వకపోతే సగం జీతం దండగ.

ఇంజను బాగుందని ఎవరు చెప్పాలి? చేసినవాడేనా?

కాదు, అందుకే ప్రొఫెసరును పిలిచారు. 1897 ఫిబ్రవరి 17న మ్యూనిక్ సాంకేతిక విద్యాలయం నుంచి మోరిట్జ్ ష్రోటర్ వచ్చి పరీక్ష చేశాడు. ఇంజను బలం 18 హార్స్‌పవర్ దగ్గర, సామర్థ్యం 26.2 శాతం అని తేల్చాడు. ఆనాటి మామూలు ఆవిరి ఇంజన్లు పది శాతం కూడా దాటేవి కావు. కంపెనీ సొంతంగా చెప్పుకుంటే ఎవరూ నమ్మని అంకె అది. ప్రొఫెసరు నోట రాగానే లైసెన్సుల కోసం క్యూ కట్టారు.

ఫ్యాక్టరీలో నడిచింది, కస్టమరు దగ్గర ఎందుకు మొరాయించింది?

ఫ్యాక్టరీలో ఇంజనీరు పక్కనే ఉంటాడు, కస్టమరు దగ్గర ఉండడు. 1898లో కెంప్టెన్ ఊళ్ళోని అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి ఆగ్స్‌బర్గ్ నుంచి 60 హార్స్‌పవర్, రెండు సిలిండర్ల ఇంజను వెళ్ళింది. అమ్ముడుపోయిన తొలి ఇంజన్లలో ఒకటి. అది పెట్టిన తిప్పలు ఇన్నీ అన్నీ కావు, ఆగ్స్‌బర్గ్ నుంచి మనుషులు వెళ్ళి చూసుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది ఆగ్స్‌బర్గ్‌లో డీజిల్ పేరు మీద విడిగా పెట్టిన ఇంకో ఫ్యాక్టరీ ఇంజన్లైతే నాణ్యత లేక వెనక్కి వచ్చాయి, ఆ వ్యాపారం నిలబడలేదు.

అక్కడ లోటు సిద్ధాంతంలో లేదు. ఇంజను బిగించి, అక్కడి మనిషికి నేర్పించి, ఫోను అందరి దగ్గరా లేని కాలంలో సగం జర్మనీ తిరిగే సర్వీసు ఇంజనీర్లు చాలలేదు. ఆ ఏడాది డీజిల్ నరాల బలహీనతతో శానిటోరియంలో చేరాడు. అంత టెన్షన్ ఎవరికైనా మంచం పట్టిస్తుంది.

## దొరకనప్పుడు, వెళ్ళిపోయినప్పుడు

స్పెషలిస్టు దొరక్కపోతే కంపెనీ ఏం చేయాలి?

కొన్నవాళ్ళున్నారు, అద్దెకు తెచ్చుకున్నవాళ్ళున్నారు. 1927లో బాష్ పంపు మార్కెట్లోకి వచ్చాక ప్రతి ఇంజను కంపెనీ సొంతంగా ఇంజెక్షన్ స్పెషలిస్టును పోషించే అవసరం తగ్గింది. ఇంజను చేసేవాడు చేసుకున్నాడు, పంపు బాష్ నుంచి కొన్నాడు. చిన్న కంపెనీలు డీజిల్లోకి దిగగలిగింది ఇందువల్లే.

ఇంకో దారి కన్సల్టెంటు. ఇంగ్లండులో హ్యారీ రికార్డో సంస్థ దహనం మీద పరిశోధన చేసి, డిజైన్లను లైసెన్సుకు ఇచ్చేది. లండన్ బస్సుల కంపెనీ ఏ.ఇ.సి. కోసం 1931లో తెచ్చిన కామెట్ సిలిండర్ తల అలాంటిదే. గాలి గిర్రున తిరిగే ఒక గదిలోకి ఇంధనం కొట్టడం దాని రహస్యం. ఏ.ఇ.సి. ఇంట్లో ఇంజనీర్లు లేక కాదు, ఆ ఒక్క పనిలో వాళ్ళకన్నా ముందున్నవాడు బయట ఉన్నాడు కాబట్టి.

తెచ్చుకున్న స్పెషలిస్టు వెళ్ళిపోతే ఇంజను ఆగిపోతుందా?

డ్రాయింగులు, టెస్టు రికార్డులు ఉంటే ఆగదు. బెంజ్, డైమ్లర్ 1926లో కలిశాయి. లోరాంజ్ అదే ఏడాది మాన్‌హైమ్ వదిలేశాడు. అయినా ప్రీచాంబర్ పద్ధతి కొనసాగి, 1936లో బెర్లిన్ ప్రదర్శనకు వచ్చిన మెర్సిడెస్-బెంజ్ 260 డి డీజిల్ కారు దాకా వెళ్ళింది. ఆయన ఇంటిపేరుతో ఇంజెక్షన్ పరికరాల కంపెనీ స్టుట్‌గార్ట్‌లో తరవాత చాలాకాలం నడిచింది. స్వీడన్ హెసెల్‌మాన్ కూడా డీజిల్ కంపెనీ నుంచి బయటికొచ్చి సొంతంగా పనిచేశాడు. 1925లో స్పార్కు ప్లగ్గు పెట్టి, ఇంధనాన్ని నేరుగా సిలిండర్లోకి కొట్టే వేరే రకం ఇంజను తెచ్చాడు.

ఇప్పుడు ఇలాంటి పనికి మనిషిని తీసుకోవాలంటే ఇంటర్వ్యూలో ఏం అడగాలి?

ఇది నా అభిప్రాయమే, చరిత్ర కాదు. రెజ్యూమెలో ఉన్న సాఫ్ట్‌వేర్ల జాబితా పక్కన పెట్టండి. వాడిన నాజిల్ ఒకటి, కాలిన పిస్టన్ ఒకటి బల్ల మీద పెట్టి, ఏం జరిగిందో చెప్పమనండి. తెలిసినవాడు ముందు తిప్పి చూస్తాడు, మచ్చ ఏ పక్కన ఉందో చూస్తాడు, ఆ తరవాత మిమ్మల్నే రెండు ప్రశ్నలు అడుగుతాడు: ఎన్ని గంటలు తిరిగింది, ఏ ఆయిల్ వాడారు. తెలియనివాడు వెంటనే జవాబు చెప్పేస్తాడు.

ఇంకొకటి: ఒక్కో స్ట్రోకుకు ఎంత ఇంధనం పడుతుందో కాగితం మీద లెక్క వేయమనండి. హార్స్‌పవర్, చుట్లు, గంటకు ఖర్చయ్యే ఇంధనం ఇస్తే చాలు. అయిదు నిమిషాల పని.

మన దేశానికి ఈ పని ఎప్పుడు వచ్చింది?

తయారైన ఇంజన్లు ముందొచ్చాయి, తయారుచేసే పని తరవాత వచ్చింది. గోదావరి, కృష్ణా డెల్టాల రైసు మిల్లుల్లో, మెట్ట ఊళ్ళ బావుల మీద టకటకలాడిన పాత ఆయిల్ ఇంజన్లలో చాలావరకు ఇంగ్లండు సరుకే. మహారాష్ట్రలోని సతారాలో కూపర్ కంపెనీ 1933లో డీజిల్ ఇంజను చేసింది. పుణెలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ 1946లో మొదలైంది. మన రైతులకు ఎక్కువగా తెలిసింది ఆ రెండో పేరే. వాటిని బిగించి, రిపేరు చేసి, పార్టు దొరక్కపోతే లేతు మీద తిప్పి చేసుకున్న షెడ్ల మెకానిక్‌ల పేర్లు మాత్రం ఎక్కడా రాసిలేవు. మీ ఊళ్ళో అలాంటి పెద్దాయన ఎవరైనా ఉంటే, ఆయన చెప్పేది రికార్డు చేసి పెట్టండి.